టీచరమ్మ ఫ్లెక్సీలో పోయిన గీత



పోయిన నెల టీచరమ్మ సంస్మరణ సభకు వచ్చినవాళ్లు వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ చూసే ఉంటారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది మీ మంచితనం. కానీ దాన్ని తయారు చేసింది నేనే కాబట్టి, తప్పెక్కడ జరిగిందో చెప్పుకోవాలి.

నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాకే టీచరమ్మ ఆదివారం క్లాసులో అఆలు దిద్దాను. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకని తెలుగులో ప, ఫ, ష నా కంటికి ఒకేలా ఉండేవి. "కింద తోక ఉంటే ఫ, కడుపులో గీత ఉంటే ష. ఆ చిన్న గీతను వదలకు నాయనా" అని ఆవిడ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

అలాంటి ఆవిడ ఫోటో కింద "పుష్పాంజలి" అని సన్నగా వేయించాను. ఫ్లెక్సీలో ఆ గీత అలుక్కుపోయి "పుప్పాంజలి" అయింది. ముఖం గళ్లు గళ్లుగా వచ్చింది. ముందు వరసలో కూర్చున్న వాళ్లమ్మాయి ఆ మాటను కూడబలుక్కుని చదవడం చూశాను. సభ అయ్యేదాకా తలెత్తలేకపోయాను.

మర్నాడు ఎం.సి. రోడ్డు పక్క సందులోని ప్రింటింగ్ షాపుకు కోపంగా వెళ్లాను. అక్కడి కుర్రాడు ఓపికగా నా ఫైల్ తెరిచి, "సార్, ఇందులో అడ్డంగా ఉన్నవి 1080 చుక్కలే. మీరడిగింది ఆరడుగులు" అన్నాడు. ఆరడుగులంటే 72 అంగుళాలు. 1080ని 72తో భాగిస్తే అంగుళానికి 15 చుక్కలు. నా అక్షరం ఎత్తు దాదాపు అంగుళం. ఆ 15 చుక్కల్లోనే ష, దాని కింద ప వొత్తు, రెండూ ఇమడాలి. ఇక కడుపులో గీతకు చోటెక్కడిది? వాట్సాప్ ఆహ్వానం కోసం చేసిన చదరపు బొమ్మనే నేను ఫ్లెక్సీకి పంపాను. ఫోన్‌లో అరచేతి వెడల్పున అది చక్కగానే ఉంది మరి.

రైల్వేవాణ్ని కాబట్టి నాకు ఇలా అర్థమైంది. చుక్కలు ప్రయాణికులు, అంగుళాలు పెట్టెలు. 1080 మందితో 72 బెర్తుల స్లీపర్ పెట్టెలు 15 నిండుతాయి. అదే జనానికి 72 పెట్టెలు తగిలిస్తే పెట్టెకు 15 మందే. బండి పొడుగైంది, జనం పెరగలేదు. పైగా పంపేముందు ఫైల్‌లో డీపీఐ 72 అని ఉన్నచోట 300 అని మార్చాను. అది పెట్టె మీద బోర్డు మార్చడమే. ఒక్క చుక్కా పెరగదు.

చేతిలో పట్టుకుని చదివే కాగితానికి అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఏ4 నిండా రావాలంటే 2480 × 3508. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 నుంచి 100 చాలు. అప్పుడు ఆరడుగులకు కనీసం 5184 చుక్కలు. అక్షరాలు టైప్ చేసిన డిజైన్‌ను జేపీఈజీగా కాకుండా ప్రింట్ పీడీఎఫ్‌గా దించుకుంటే, అక్షరం ఎంత పెంచినా పగలదు. ఫోటోకు మాత్రం ఉన్న చుక్కలే గతి.

టీచరమ్మ ఫోటో మిగిలింది ఒక్కటే, 35 మిల్లీమీటర్ల వెడల్పున్న పాస్‌పోర్టు ఫోటో. దాన్ని సభకు ముందు నేను ఫోన్‌తో తీసి అతికించాను. ఈసారి 600 డీపీఐతో స్కాన్ చేయించాను. సుమారు 826 చుక్కలు వచ్చాయి. 300 లెక్కన ముద్రిస్తే రెండుముప్పావు అంగుళాలు, అంటే అసలుకు రెట్టింపు. అంతకంటే పెద్దది కావాలన్న ఆశ వదులుకుని చిన్న కార్డు వేయించాను. కళ్లజోడు వెనక కళ్లు కనబడుతున్నాయి. కింద పుష్పాంజలి, గీతతో సహా. భూతద్దం పెట్టి చూసుకున్నాకే మిగతా కాపీలు వేయమన్నాను.

కార్డు తీసుకెళ్లి వాళ్లమ్మాయికి ఇచ్చి క్షమించమని అడిగాను. "అమ్మ ఉంటే ఫ్లెక్సీ మీదే ఎర్ర పెన్నుతో దిద్దేది బాబాయ్" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఉగాది సంచికకు ఫోటోలు పంపేవాళ్లకు ఒక మనవి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చుక్కలు తగ్గుతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. పాత ఫోటోలుంటే ఇంటికి కబురు చేయండి, నేనే వచ్చి తీసుకెళ్లి స్కాన్ చేయించి భద్రంగా తిరిగిస్తాను. మన పెద్దవాళ్లలో చాలామందికి మిగిలింది ఒక్క ఫోటోనే.

ఈ రాతలో తప్పులుంటే చెప్పండి. దిద్దడానికి టీచరమ్మ లేరు.