మనుబోతు మాంసం, టెక్సస్ బేరం

హ్యూస్టన్‌లో స్థిరపడిన మాంసాహారులైన తెలుగువారందరికీ శనివారపు బెంగ ఒకటి ఉంటుంది. మన దుకాణాలలో వేటమాంసం (పేరుకే వేట, అది మేకే కదా!) ధర ఏటికేడాది పెరగడమే గాని తగ్గడం నేనెరుగను. మా కార్యాలయ మిత్రుడొకడు మాత్రం ఏడాదికి సరిపడా మాంసాన్ని చలికాలంలోనే సంపాదించి ఫ్రీజరులో భద్రపరచుకుంటాడు. ఆ విద్య నాకూ నేర్పమన్నాను.

అతడు మొదట చెప్పినది, వేటలు రెండు విధములని. ఒకటి కొమ్ముల వేట, రెండవది కడుపు వేట. గోడకు తగిలించే తలకాయకై వచ్చేవారు కొమ్ముల కొలతను బట్టి వేల డాలర్లు చెల్లిస్తారు. కొమ్ములు లేని ఆడజంతువుకు అందులో చిన్న భాగమే అడుగుతారు. మాంసం దానిదే మెత్తన. కాబట్టి అంతర్జాలంలో వెదికేటప్పుడు మగజంతువుల ఛాయాచిత్రాలను దాటి, పుట చివర చిన్న అక్షరాలలో ఉన్న ధరలే చదవాలన్నాడు. ఇంతటి వ్యావహారిక జ్ఞానం నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు.

టెక్సస్‌లో భూమి నూటికి తొంభై పాళ్ళకు పైగా ప్రైవేటు వారిదే. ఇక్కడి నివాసికి వేట లైసెన్సు 25 డాలర్లే అయినా, అడుగుపెట్టడానికి ఎవరో ఒకరి గేటు తెరుచుకోవాలి. ఖర్చంతా ఆ గేటు దగ్గరే. డబ్బు తక్కువైనవారికి మరో దారి ఉంది: రాష్ట్ర వన్యప్రాణి శాఖవారి లాటరీ. కొద్ది డాలర్లతో దరఖాస్తు పెట్టి, పేరు వస్తే ప్రభుత్వ భూములలో వేటాడవచ్చు. నాకు మూడేళ్ళుగా రాలేదు. అన్నిటికంటే చవక అడవిపంది. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో దానికి 2019 నుండి లైసెన్సు కూడా అక్కరలేదు. మా ఇంట్లో పంది వండరు గనుక ఆ మార్గం మూసుకుపోయింది. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేటగాళ్ళ శిక్షణ పాఠం పూర్తిచేయాలి, నేను చేశాను. ఉద్యోగ వీసాపై ఉన్న మిత్రులు ఒకటి గమనించాలి. వారు తుపాకి పట్టడం కేంద్ర చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందే సరదాకైనా తుపాకి ముట్టుకోకండి.

ధరల పట్టికలు చూస్తూంటే నాకు వింత తోచింది. అందులో ఉన్నవి సగం మన జంతువులే! చుక్కల దుప్పి, కృష్ణజింక, మనుబోతు. 1930ల నాటికే వీటిని ఇక్కడి పెద్ద పశుక్షేత్రాలవారు తెచ్చి వదిలారు; దక్షిణాన కింగ్ రాంచ్‌లో వదిలిన మనుబోతులు సముద్రతీరపు పొదలలో మందలుగా పెరిగాయి. చట్టం దృష్టిలో ఇవి పరదేశి జంతువులు కనుక వీటికి వేట ఋతువు అంటూ లేదు, ఏడాది పొడుగునా కాల్చవచ్చు. తెలంగాణ రాష్ట్రజంతువు ఒక వరుసలో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు దాని క్రింది వరుసలో, పక్కనే డాలర్లు. అన్నిటిలో తక్కువ ధర ఆడ కృష్ణజింకదే.

మాది రోళ్ళపాడు ప్రాంతం. బట్టమేకపిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. పిట్ట సంగతి అటుంచి, జింకలు బాగా పెరిగాయి. రాత్రికి రాత్రే మా జొన్నచేను మొదలంటా మేసిపోయేవి. మా నాయన మంచె మీద డబ్బా వాయిస్తూ తెల్లవార్లూ కూర్చునేవాడు. 1972 నాటి చట్టం సంగతి ఆయనకు బాగా తెలుసు. డబ్బా తప్ప మరేదీ ఎత్తలేదు. అటువంటి ఇంటివాడిని, అదే జంతువును ధర కట్టి కాల్చడానికి నా చేయి రాలేదు. ఇది ధర్మమో, చాదస్తమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మనుబోతు మా వైపు పొలాలలో నేను చూసినది కాదు, అందుకని దానికి ఒప్పుకున్నాను. ఇందులో తర్కం లేదని మా ఆవిడ అంటుంది.

ఆడ మనుబోతుకు 1200 డాలర్లు. మిత్రుడూ నేనూ చెరిసగం. రెండు లైసెన్సులకు 50, పెట్రోలు, బస, మంచుగడ్డలు కలిపి మరో 200. అది దట్టమైన తోలుగల మొండి ప్రాణి, చూపు బహు తీక్షణం; రెండవరోజు సాయంత్రం గాని అందలేదు. తుపాకి మిత్రుడు పేల్చాడు. తూటా తగిలిన తరువాత అది కొంతదూరం పరుగెత్తి పొదలో కూలింది. అక్కడకు నడిచిన ఆ నాలుగు నిమిషాలు నేనేమీ మాట్లాడలేదు, అతడూ మాట్లాడలేదు. ఆ క్షేత్రపాలకుడు మాత్రం, పశువులకు జ్వరం తెచ్చే పిడుదులను ఇవి మోసుకు తిరుగుతాయని, ఒకటి తగ్గడం మేలేనని అన్నాడు.

దక్షిణ టెక్సస్‌లో నవంబరులోనూ ఎండ కాస్తుంది. గంటలోపే తోలు తీసి, ముక్కలు మంచులో పెట్టాలి. కోయించే దుకాణానికి ఇస్తే ఖర్చు పెరుగుతుందని మిత్రుని గరాజులోనే కోసుకున్నాం. ఎముకలు తీయగా 112 పౌండ్లు. లెక్కవేస్తే పౌండుకు పదమూడు డాలర్లు. ఇది చవక అని ఎవరైనా అంటే నమ్మవద్దు. మేకమాంసం కంటే ఎక్కువే పడింది. అయితే అది ఎముకలతో, ఇది ఎముక లేకుండా.

ఆ సమయానికి మా అమ్మ ఇక్కడే ఉంది. గరాజులో పీట వేసుకొని కూర్చుని, ఊళ్ళో మేకను పంచినట్లే రెండు పోగులు వేయించింది. ఏ పోగులో మెత్తటి ముక్కలు ఎక్కువ పడ్డాయో కనిపెట్టి సర్దింది. కొవ్వు బొత్తిగా లేని మాంసమిది. నూనె ధారాళంగా పోసి, గోంగూరతో సన్నసెగ మీద రెండు గంటలు ఉడికించింది. కృష్ణజింక సంగతి, నేను వద్దన్న సంగతి అప్పుడే చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"దాన్నే తెచ్చింటే బాగుండు కదప్పా," అన్నది గరిటె తిప్పుతూ. "మన చేను తినింది అదే కదా. ఇది మనకేం చేసిందని?"