కొత్త బండిలో ఎంత లోపం ఒప్పుకోవచ్చు?

ఖరీదైన వస్తువు కొనేటప్పుడు నేను పాటించే నియమం ఒకటుంది. మన మాటకు విలువ ఎప్పటిదాకా ఉంటుందో ముందే తెలుసుకుని, అడగాల్సినవన్నీ ఆలోపే అడిగేయాలి. కారు విషయంలో ఆ గడువు రిజిస్ట్రేషన్‌తో ముగుస్తుంది. మన పేరు మీద నంబరు పడిన క్షణం నుంచి అది లెక్క ప్రకారం వాడిన బండే.

నేను కొన్న బండి షోరూమ్ ధర 24 లక్షలు. జీవిత పన్ను, బీమా, మిగతా ఖర్చులన్నీ కలిపి రోడ్డెక్కేసరికి 29 లక్షల దాకా అయింది. అందులో 20 లక్షలు బ్యాంకు అప్పు. తొమ్మిది శాతం వడ్డీతో ఐదేళ్లపాటు నెలకు సుమారు 41,500 కట్టాలి. వడ్డీ ఒక్కటే 4.9 లక్షలు. ఇటు బీమా లెక్కలో కొత్త బండి విలువను మొదటి రోజే షోరూమ్ ధర కంటే 5 శాతం తగ్గించి రాస్తారు. ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం కోత పడుతుంది. పది లక్షలు దాటిన బండి మీద అమ్మేటప్పుడే ఒక శాతం పన్నుగా వసూలు చేసే టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు గానీ, జీవిత పన్ను కోసం, వడ్డీ కోసం కట్టింది బండి అమ్మినప్పుడు తిరిగి చేతికి రాదు. అదే మోడల్ రెండేళ్లు వాడింది కొంటే లక్షలు మిగులుతాయని తెలిసి కూడా కొత్తదానికి వెళ్లామంటే, ఆ తేడా అంతా కట్టేది దాని కొత్తదనానికే. అలాంటప్పుడు ఆ కొత్తదనం నిజమో కాదో చూసుకోవడం చాదస్తం కాదు, డబ్బు జాగ్రత్త.

అందుకే బుకింగ్ సొమ్ము తప్ప మిగతాది కట్టకముందే, నా మాట లేకుండా అప్పు విడుదల చేయొద్దని బ్యాంకుకు చెప్పి, ఊరి చివర ఉన్న డీలర్ స్టాక్‌యార్డ్‌కు వెళ్లాను. తోడుగా టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపే మిత్రుణ్ణి తీసుకెళ్లాను. పొద్దుటి ఎండలో ఎడమ వైపు వెనక తలుపు రంగు పక్క తలుపు కంటే కాస్త ముదురుగా కనిపించింది. అతను రబ్బరు బీడింగ్ పైకెత్తి చూశాడు. అంచున మాస్కింగ్ టేపు వదిలిన సన్నటి గీత ఉంది. పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే మిగతా భాగాలన్నీ 110, 120 మైక్రాన్ల దగ్గర ఆగాయి. ఆ తలుపు మాత్రం 240 దాటింది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది.

"ఇది కంపెనీ పెయింట్ కాదన్నా, మళ్లీ కొట్టారు" అన్నాడు.

"అన్ని బండ్లకీ అలాగే ఉంటుంది సార్, వాష్ చేస్తే తెలీదు" అన్నాడు సేల్స్ కుర్రాడు.

అతనితో వాదన పెట్టుకోలేదు. ఆ చాసిస్ నంబరు వేసి, ఈ తలుపుకు మళ్లీ రంగు వేశారా లేదా రాతపూర్వకంగా చెప్పమని షోరూమ్ మేనేజరుకు మెయిల్ పంపాను. రవాణాలో దెబ్బ తగిలితే సరిచేశామని జవాబు వచ్చింది. ధర తగ్గిస్తామన్నారు. నేను వేరే బండి కేటాయించమన్నాను. ఇన్‌వాయిస్ ఇంకా కాలేదు కాబట్టి వాళ్లకు అది చాసిస్ నంబరు మార్చడంతో సరిపోయింది. రిజిస్ట్రేషన్ అయ్యాక అదే మాట అడిగి ఉంటే కోర్టుకు ఎక్కాల్సిన వ్యవహారం.

తలుపు మీద రంగు కోసం ఇంత పట్టుదలా అని ఇంట్లో వాళ్లు అడిగారు. వాళ్లకు అమెరికాలో నడిచిన ఒక కేసు చెప్పాను. 1990 జనవరిలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఐరా గోర్ అనే డాక్టరు 40,750 డాలర్లకు కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలల తర్వాత బండికి మెరుగు పెట్టించబోతే, దానికి అమ్మకముందే మళ్లీ రంగు వేసినట్టు బయటపడింది. ఆ పనికి కంపెనీకి అయిన ఖర్చు 601 డాలర్లు, అంటే ధరలో ఒకటిన్నర శాతం. మరమ్మతు ఖర్చు ధరలో మూడు శాతం దాటకపోతే ఎవరికీ చెప్పకుండా కొత్త బండిగానే అమ్మడం అప్పట్లో ఆ కంపెనీ విధానం. బండి విలువ పది శాతం తగ్గిందన్న లెక్కతో జ్యూరీ 4,000 డాలర్ల పరిహారం, దాని మీద శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది. అలబామా సుప్రీంకోర్టు ఆ శిక్షను సగం చేసింది. 1996లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సగం కూడా మరీ ఎక్కువని కొట్టేసింది. మళ్లీ అలబామా కోర్టుకు వెళ్లి అది చివరికి 50,000 డాలర్ల దగ్గర తేలింది. న్యాయశాస్త్ర విద్యార్థులు దీన్ని శిక్షకు హద్దు గీసిన తీర్పుగా చదువుతారు. కొనుగోలుదారుగా నాకు ముఖ్యమనిపించింది వేరే: జ్యూరీ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే కంపెనీ తన విధానం మార్చుకుంది. ఎంత చిన్న మరమ్మతయినా చెప్పే అమ్ముతామంది.

ఎక్కువ ధర కట్టినందుకు నేను ఆశించేది కూడా ఇదే, దాపరికం లేని అమ్మకం. ఒక్క మచ్చా లేని బండి కావాలని అడిగితే దొరకదు. చిన్న చిన్న స్క్రూలతో కలిపి లెక్కిస్తే కారులో దాదాపు 30,000 భాగాలుంటాయి. పైగా ధర పెరిగేకొద్దీ తెరలు, కెమెరాలు, సెన్సర్లు, మోటార్లు పెరుగుతాయి. వాటితోపాటు చెడిపోయే అవకాశాలూ పెరుగుతాయి. జె.డి. పవర్ సంస్థ 1987 నుంచి అమెరికాలో కొత్త కార్ల యజమానులు తొలి 90 రోజుల్లో ఎదుర్కొనే సమస్యలను సర్వే చేస్తోంది. 2024లో పరిశ్రమ సగటు 100 కార్లకు 195 సమస్యలు, అంటే బండికి దాదాపు రెండు. వాడటానికి తికమకగా ఉందన్న ఫిర్యాదులు కూడా ఇందులో కలుస్తాయి. ఖరీదైన బ్రాండ్ల లెక్క మామూలు బ్రాండ్ల కంటే మెరుగ్గా లేకపోగా అధ్వానంగా ఉంది. తెర, ఫోన్ అనుసంధానం వంటివే పెద్ద తలనొప్పి. 2021లో టెస్లా కార్ల కంపెనీ అధినేత ఇలాన్ మస్క్ కూడా ఇంజనీరు శాండీ మన్రోతో మాట్లాడుతూ, ఉత్పత్తిని వేగంగా పెంచుతున్న దశలో చిన్న చిన్న పనితనాలు సరిగ్గా కుదరడం కష్టమని, కొంటే మొట్టమొదట్లోనైనా కొనాలి, ఉత్పత్తి కుదుటపడ్డాకైనా కొనాలి అని ఒప్పుకున్నాడు. అందుకే నేను కొత్తగా విడుదలైన మోడల్ జోలికి పోలేదు. మార్కెట్లో కొన్నాళ్లు నలిగినదాన్నే ఎంచుకున్నాను.

లోపాలను నేను మూడు రకాలుగా విడదీసుకున్నాను. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం, ఇంజను శబ్దం మొదటి రకం. ఇక్కడ వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోను. ధర తగ్గిస్తామన్నా వద్దు. రెండో రకం, బండి విలువను తగ్గించేవి: మళ్లీ వేసిన రంగు, మార్చిన అద్దం, పాత తయారీ తేదీ. చాసిస్ నంబరులో తయారీ నెల, సంవత్సరం తెలుస్తాయి. టైరు మీది నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొంటే, మళ్లీ అమ్మేటప్పుడు ఒక సంవత్సరం పాతదిగా లెక్క కడతారు. ఇలాంటివి కనిపిస్తే బండి మార్చాలి, లేదా ఆ నష్టం ధరలో తగ్గాలి. మూడో రకం కంటికి మాత్రమే తెలిసేవి, పనికి అడ్డురానివి. వీటి కోసం పోరాడితే డబ్బు కంటే మనశ్శాంతి ఎక్కువ ఖర్చవుతుంది.

నాకు వచ్చిన రెండో బండిలో మూడో రకం లోపాలు ఉన్నాయి. వెనక బంపరు రంగులో చిక్కుకున్న దుమ్ము కణం ఒకటి, గ్లోవ్‌బాక్స్ మూత ఒక పక్క కాస్త ఎత్తు. మూత సరిచేయించుకున్నాను. దుమ్ము కణం జోలికి పోవద్దన్నాను. అంత చిన్నదాని కోసం బంపరంతా మళ్లీ రంగు వేస్తే, నేను వద్దన్న మొదటి బండికీ దీనికీ తేడా ఉండదు. వాడటం మొదలుపెట్టాక తెర అప్పుడప్పుడూ నల్లబడి ఆగిపోయేది. ప్రతిసారీ ఫోన్‌లో వీడియో తీసి, సర్వీసు సెంటరులో జాబ్ కార్డ్ మీద నా మాటల్లోనే ఫిర్యాదు రాయించి కాపీ తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్ మార్చాక తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఆ కాగితాలే నా ఆధారం.

కాగితాల మీద ఇంత పట్టు ఎందుకంటే, చట్టం ఇచ్చే రక్షణకు హద్దులున్నాయి. పదేపదే చెడిపోయే బండిని వెనక్కి ఇచ్చేసేందుకు అమెరికా రాష్ట్రాల్లో ఉన్నట్టు ప్రత్యేక చట్టం మనకు లేదు. వారంటీలో లోపమున్న భాగాన్ని బాగుచేస్తాం, మారుస్తాం అని మాత్రమే ఉన్నప్పుడు మొత్తం బండినే మార్చాలనడం సరికాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించగలదు. అయితే అది ఒకే లోపం చాలా బండ్లలో కనిపించినప్పటి మాట. ఒంటరి కొనుగోలుదారుకు దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. చెల్లించిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదు రెండేళ్లలోపు చేయాలి. వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోన్ చేస్తే ముందు రాజీకి ప్రయత్నిస్తారు.

మన ఇళ్లలో బండికి ముహూర్తం చూసుకుంటాం. దసరాకో, ఉగాదికో షోరూమ్ నిండా జనం, చేతిలో కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, ఇంటిల్లిపాదీ ఎదురుచూపు. ఆ వేళ తలుపు అంచున గీత కనిపించినా నోరు పెగలదు. ఆ రోజును పూజకూ సంతోషానికీ వదిలేయండి. పరీక్ష అంతకు చాలా ముందే, యార్డ్‌లో, పగటి వెలుతురులో, డబ్బు ఇంకా మన ఖాతాలో ఉండగా జరగాలి. ఈ బండికి ఫ్యాక్టరీ దాటాక ఏ మరమ్మతూ జరగలేదని ఒక్క వాక్యం రాసివ్వమని అడగండి. నిజాయతీగా అమ్మే డీలరుకు ఆ వాక్యం రాయడానికి ఐదు నిమిషాలు చాలు. ఐదేళ్ల వాయిదాలకు సంతకం పెట్టే మనకు దాన్ని అడిగే హక్కు ఉంది. మొహమాటపడకుండా అడగండి, రాసివ్వకపోతే సంతకం పెట్టకండి.