ఫోను ఎత్తే మనిషికి జీతమెవరిస్తారు?

మేము పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల తండాల్లో, ఎరుకల కాలనీల్లో పెరిగినవాళ్లం. రాత్రిపూట కాన్పు నొప్పులొచ్చినా, చేలో పాము కరిచినా 108కి ఫోన్ చేయాలని ఇప్పుడు మా అవ్వలకు కూడా తెలుసు. ఆ నంబరు ఇన్నేళ్లు ఎట్లా నిలబడిందన్నది మాత్రం మాలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. నడిపింది ఈఎంఆర్ఐ అనే లాభాపేక్ష లేని సంస్థ. దాని వెనక ఉన్నది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. అప్పటి ముఖ్యమంత్రి మా పులివెందుల రాజశేఖరరెడ్డి. 2009 జనవరి 7న కంపెనీ లెక్కలన్నీ తప్పని రాజు తానే రాసిచ్చాడు. అంత పెద్ద కంపెనీ కూలినా 108 బండి ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తోంది. అదే ఏడాది జీవీకే వచ్చి సత్యం వాళ్ల చోట నిలబడింది. తర్వాత కూడా నడిపేవాళ్లు మారారు. 2020 జులై 1న విజయవాడలో 1,088 కొత్త 108, 104 బండ్లు ఒక్కరోజే రోడ్డెక్కాయి. నంబరు మాత్రం అదే. డబ్బు ఒక్క చేతి నుంచే వచ్చివుంటే 2009లోనే ఆ ఫోను మూగబోయేది.

ఇదెందుకు చెబుతున్నామంటే, మా భాషలో మాట్లాడే ఫోన్ లైను ఒకటి మాకూ కావాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. కుల ధ్రువపత్రం, పింఛను, స్కాలర్‌షిప్, ఆస్పత్రి, ఏ కష్టమైనా సరే. తండాలో ఒక యాడి కంగారులో ఉన్నప్పుడు ఆమెకు వచ్చేది గోర్‌బోలీ. అవతలివాళ్లు తెలుగులో మండలం పేరు అడుగుతారు. ఒకే పేరు తండాలు రెండు మండలాల్లో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

లెక్క వేసి చూశాం. వారానికి 168 గంటలు. మనిషి 48 గంటలు పనిచేస్తే ఒక్క కుర్చీకి నలుగురు కావాలి. సెలవులు, జ్వరాలు కలిపితే అయిదుగురు. ఫోన్ బిల్లు చిన్నదే, అసలు ఖర్చు జీతాలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అడగొచ్చు. కానీ కంపెనీలకు బోర్డు పెట్టి ఫొటో తీసుకునే గది మీద ఉన్నంత ఇష్టం నెలనెలా ఇచ్చే జీతం మీద ఉండదు. పైగా ఆ నిబంధనల్లో ఏళ్లపాటు సాగే పనికి కూడా మొదలైన ఏడాది పోను మూడేళ్లే గడువు.

అందుకే కంపెనీ డబ్బుతో మొదలుపెట్టినా, మొదటి నెల నుంచే రెండో దారి చూడాలంటున్నాం. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు తలా కొంత. మా పొదుపు సంఘాల ఆడవాళ్లు నెలకు పది రూపాయలు. వాళ్ల పది రూపాయలు చిన్నవే, కానీ లైను పనిచేయకపోతే ముందు నిలదీసేది వాళ్లే. లెక్కల పుస్తకం ఒక సంస్థ దగ్గర, తాళంచెవి తండా మనిషి దగ్గర ఉండాలి.

డబ్బు లేకుండా చేయగలిగిన పని ఒకటి మొదలుపెట్టాం: తండాల పట్టిక. అయ్యవార్లూ, మీ బడి ఉన్న తండా పేరు, మండలం, తారు రోడ్డు నుంచి దారి ఏ మలుపు దగ్గర విడిపోతుందో రాసి పంపండి. వానలకు వంక పారినప్పుడు బండి ఎంతవరకు రాగలదో కూడా.