అడ్డు తొలగిన నదిలో నెల రోజులు

క్లమత్ తలకిందుల నది. నదులు కొండల్లో పుట్టి మైదానాల్లో ముగుస్తాయి. ఇది ఆరెగాన్ చిత్తడి నేలల్లో బయల్దేరి, కాలిఫోర్నియా కొండలను చీల్చుకుంటూ పసిఫిక్‌లో కలుస్తుంది. 2025 జూన్ 12న దాని ఎగువన, వుడ్ రివర్ ఊటల దగ్గర కయాక్‌లు నీళ్లలోకి దిగాయి. తెడ్డు పట్టింది క్లమత్, కరూక్, యూరోక్, హూపా తదితర తెగల కుర్రకారు. ఎదుట 310 మైళ్ల దూరం.

వాళ్ల తాతలకు ఈ ప్రయాణం సాధ్యం కాలేదు. 1918-62 మధ్య పూర్తయిన నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలు పడవకే కాదు, సాల్మన్ చేపకూ దారి మూసేశాయి. 2002 సెప్టెంబరులో దిగువన నీరు తగ్గి, వేడెక్కి, రోగం ప్రబలి పదుల వేల చేపలు చచ్చి తేలాయి. సాల్మనే తిండీ, పండగా అయిన తెగలకు అది ఇంట్లో చావే. ఆ కోపం ఉద్యమమైంది. 2024 అక్టోబరుకల్లా నాలుగు కట్టలూ లేవు. ఆ నెలలోనే చేపలు ఆరెగాన్ చేరాయి.

దారిలో అసలైన చోటు షాస్తా తెగవారి పూర్వీకుల లోయ. నదిని పక్కకు మళ్లించడంతో అది దాదాపు నూరేళ్లు ఎండిపోయింది. ఇప్పుడక్కడ సుడులు తిరిగే నీళ్లు. వాటిని ఈదడానికి పిల్లలు ఏళ్ల తరబడి శిక్షణ పొందారు, అదీ ప్లాస్టిక్ కయాక్‌ల మీద. యూరోక్‌ల సొంత పడవ రెడ్‌వుడ్ దుంగను తొలిచి చేసేది. సంప్రదాయవాదులు ముఖం చిట్లించవచ్చు గానీ, నది మాత్రం వాళ్లదే.

జూలై 11న సముద్రం ముందరి ఇసుక తిన్నె చేరారు. ఎగువన లింక్ రివర్, కీనో కట్టలు ఇంకా నిలిచే ఉన్నాయి.