డైరీ ఫార్మ్‌లో వేసిన విమానశాల లెక్క

ఎల్.టి.సి. మీద అండమాన్ వెళ్ళివచ్చిన మన ఉద్యోగ మిత్రులందరూ సెల్యులార్ జైలును గురించీ, పగడపు దిబ్బలను గురించీ చెప్పనే చెబుతారు. కనుక వాటి వర్ణనకు నేను పూనుకోను. నేను ఉన్న వారం రోజులలో అధికభాగం గడచినది డైరీ ఫార్మ్ అనే పేటలో, మా బావమరిది ఇంట. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో అదొక సామాన్యమైన నివాస ప్రాంతం. ఎత్తుపల్లాల వీధులు, రేకుల కప్పులు, కొబ్బరిచెట్లు. తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ ఒకే కొట్టు ముందు కలగలిసి వినిపించే మాటలు. పర్యాటకుల పటంలో దానికి చోటు లేదు.

అక్కడ నా దృష్టిని మొదట ఆకర్షించినవి ఆ రేకుల కప్పులే. "రేకు బాగానే ఉంటుంది బావగారూ, బోల్టు తినేస్తుంది. అది పోతే రేకు లేచిపోతుంది" అన్నాడు మా బావమరిది. ఉప్పుగాలిలో తుప్పు ముందుగా పట్టుకొనేది జె బోల్టునూ, దాని వాషరునూ. వృత్తిరీత్యా ముప్పై ఏళ్ళుగా ఉక్కు నిర్మాణాలతో కాపురం చేస్తున్న వాడిని గనుక ఆ మాట నా మనస్సులో నాటుకొన్నది.

లంబా లైన్‌లోని విమానాశ్రయం అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరం. ఆ రన్‌వే కథ ఆసక్తికరమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 మార్చి నుండి 1945 దాకా ద్వీపాలను ఆక్రమించుకొన్న జపాను సైన్యం ఇక్కడ విమానపట్టీ వేయించినది. నేడు అది సుమారు 3,290 మీటర్ల పొడవున నౌకాదళపు ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ స్థావరానికి చెందినది. ప్రయాణికుల విమానాలూ దానినే వాడుకొంటాయి. 710 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన శంఖాకారపు కొత్త టెర్మినల్ 2023 జూలై 18న ప్రారంభమైనది. అనగా పట్టీ ఒకటే, వాడుకొనువారు పలువురు. పట్టీని పంచుకొన్నట్లే చిన్న విమానాలు ఒక కప్పును పంచుకొనగలవా అన్నదే నన్ను పట్టుకొన్న ప్రశ్న.

ఈ ప్రశ్న గాలిలోనుండి పుట్టినది కాదు. 2010 డిసెంబరు 30న పవన్ హంస్ సంస్థ, అండమాన్ పాలనాయంత్రాంగం కలిసి 'జల్ హంస్' పేర నీటివిమాన సేవను ప్రారంభించాయి. నీటిమీదా నేలమీదా దిగగల సెస్నా 208 విమానం, నేడు స్వరాజ్ ద్వీప్ అని పిలువబడుతున్న హేవ్‌లాక్ వంటి చోట్లకు నడిచినది. కొన్నేళ్ళకు ఆ సేవ నిలిచిపోయినది. అయినా అవసరం నిలిచిపోలేదు. క్యాంప్‌బెల్ బే ఇక్కడికి 500 కిలోమీటర్లకు పైబడిన దూరం. ప్రాణాపాయంలో ఉన్న రోగిని అక్కడినుండి ఓడలో తెచ్చుటకు పట్టే కాలం రోగికి ఉండకపోవచ్చును. ఇటువంటి మార్గాలకు చిన్న విమానాలు తెచ్చే సంస్థ ఏదైనా ఒక్కటే విమానశాల కట్టుకోవలెనన్న, ఆ ఖర్చుకే సగం ఉత్సాహం చల్లారిపోతుంది. కట్టుకోకపోతే అల్యూమినియం చర్మంగల విమానాన్ని ఉప్పుగాలికీ, ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వానకూ అప్పగించినట్లే.

డైరీ ఫార్మ్ ఇంటి వరండాలో మా మేనకోడలి నోటుపుస్తకం అడిగి తీసుకొని లెక్క వేయసాగాను.

నాలుగు సీట్ల సెస్నా 172 రెక్కల వెడల్పు 11 మీటర్లు, పొడవు 8.3 మీటర్లు. దానికి విడిగా గది కట్టాలంటే 12.5 × 10, అనగా 125 చదరపు మీటర్లు. నాలుగింటికి 500. అదే ఒకే కప్పు క్రింద, ఒకదాని తోక మరొకదాని రెక్క ప్రక్కన ఒదిగేటట్లు వాటిని అమర్చితే 20 × 18, అనగా 360 చదరపు మీటర్లు చాలును. బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ విమానాలను అలా ఒద్దికగా నిలిపి ఉంచటం విద్యార్థిదశలో చూచిన జ్ఞాపకం. సెస్నా 208 రెక్కలు దాదాపు 16 మీటర్లు, ఎత్తు నాలుగున్నర మీటర్లు. అటువంటిది ఒకటి వస్తే దాని ప్రక్కన రెండు చిన్నవాటికే చోటు మిగులుతుంది.

స్థలం కలిసివచ్చినది గాని, గాలి కలిసిరాలేదు. మన గాలిభారాల ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగంలో పోర్ట్ బ్లెయిర్‌కు ఇచ్చిన వేగం సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నానికి 50 అని తెలిసిన మనవారికి ఇది తక్కువగా తోచవచ్చును. కాని విమానశాల విషయంలో చిక్కు తలుపుది. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 118 కిలోలు. పెద్ద తలుపు తెరచి ఉండగా గాలి లోపలికి చొరబడి కప్పును క్రిందినుండి నెడుతుంది. పైన గాలి చూషణం లాగుతూనే ఉంటుంది. రెండూ కలిసి ఒకటిన్నర రెట్లయినవనుకొంటే మొత్తం కప్పును పైకి లేపే బలం 64 టన్నుల దాకా వస్తుంది. రేకు కప్పు సొంత బరువు దాని ముందు లెక్కలోనిది కాదు. విమానంకంటె ముందు విమానశాలే ఎగిరిపోగలదు!

దీనికి మామూలు మందు కాంక్రీటు పునాది. 64 టన్నులను అణచి ఉంచుటకు దాదాపు 27 ఘనపు మీటర్లు కావలెను, భద్రతకై మరికొంత. సిమెంటు, ఉక్కు ఓడలో రావలసినవే. ఇక ఇసుక: ద్వీపాల తీరాలు కోతకు గురి కాకుండా ఇసుక తవ్వకాన్ని క్రమంగా మానిపించవలెనని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇక్కడ కాంక్రీటు మన మైదానపు ధరకు దొరికేది కాదు.

ఆలోచిస్తుండగా హాడో రేవులో చూచిన దృశ్యం గుర్తుకు వచ్చినది. నిండుగా వచ్చి, అధికభాగం ఖాళీగా మరలిపోయే సరకుల కంటైనర్లు. ఇరవై అడుగుల కంటైనరు పొడవు 6.06 మీటర్లు. మూడింటిని వరుసగా పెడితే 18 మీటర్లు దాటుతుంది. సరిగ్గా నా విమానశాల లోతు. ఎత్తు 2.59; రెండు పేర్చితే 5.18 మీటర్లు, సెస్నా 208కు చాలును. ఇరుప్రక్కలా కలిపి పన్నెండు. ఖాళీ బరువు ఒక్కొక్కటి రెండు టన్నుల పైచిలుకు, మొత్తం 26 టన్నులు. క్రింది ఆరింటిలో తలా పది టన్నుల రాతిముక్కలు నింపితే 86 టన్నులు. పైవరుస పనిముట్లకు, విడిభాగాలకు గదులవుతుంది. కంటైనర్ల మూలలను ఒకదానికొకటి బిగించి, నడుమ ఉక్కు కమానులు ఎక్కించి రేకు పరచవచ్చును.

భూకంపం సంగతి మరువరాదు. 1941లోనూ, 2004లోనూ ఈ నేల ఎంత కదలినదో చరిత్ర. గాలి బరువును కోరుతుంది, భూకంపం తేలికను కోరుతుంది. ఇద్దరినీ ఒప్పించాలంటే ఆ బరువు నేలకు అంటుకొనే ఉండవలెను. అందుకే రాళ్ళు క్రింది వరుసలో మాత్రమే. బోల్టుల విషయంలో మా బావమరిది మాటే నాకు ప్రమాణం: చవక రేకు ఫరవాలేదు, చవక బోల్టు పనికిరాదు.

వానను కూడా వాడుకొనవచ్చును. 360 చదరపు మీటర్ల కప్పుమీద ఏటా పడే నీరు పది లక్షల లీటర్లకు పైమాట. సముద్రంలో దిగి వచ్చిన విమానాన్ని మంచినీటితో కడగవలెను. వేసవిలో ఈ ఊరికి నీటి ఎద్దడి. కప్పు నీటిని తొట్టికి మళ్ళిస్తే ఊరి నీటిలో వాటా అడగనవసరం లేదు.

అగ్నిమాపక నిబంధనలు, స్థలం అనుమతులు వగైరాల జోలికి పోతే ఈ వ్యాసం ఫైలుగా మారుతుంది. అసలు కష్టం ఉక్కులో లేదు, ఉమ్మడిలో ఉన్నది. నాలుగు విమానాలు ఒదిగి ఉన్నచోట వెనుకది బయటికి రావాలంటే ముందువి జరగవలెను. జరిపేటప్పుడు రెక్క గీచుకొంటే నష్టం ఎవరిది?

జంగ్లీఘాట్ చేపల రేవులో శ్రీకాకుళం వైపు నుండి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరిని, ఇన్ని పడవలు ఏ వరుసన కట్టుకొంటారని అడిగాను. "ఎవులు ముందెల్తారో ఆల పడవ నీటికాడుంటాది బాబూ" అన్నారు. అంతకంటె సులభమైన సూత్రం లేదు. కాని రోగికోసం వెళ్ళే విమానం ఎప్పుడు వెళ్తుందో ఎవరికీ తెలియదు. కనుక దాని చోటు ఎల్లప్పుడూ తలుపు ప్రక్కనే, దాని ముందు ఏదీ నిలువరాదని ఒప్పందంలో మొదటి షరతుగా వ్రాయవలెనని నా అభిప్రాయం. ఆ చోటుకు అదనపు అద్దె అడగరాదు. తక్కిన వారు ఆక్రమించిన చదరపు మీటర్ల లెక్కన పంచుకొనవలెను. తలా సమానమంటే చిన్న విమానంవాడు మొదటి ఏడాదే విడిపోతాడు. నేలమీద ఒక్కొక్క విమానపు చక్రానికి రంగు గీతలు, జరుపుటకు శిక్షణ పొందిన ఒకే మనిషి, అతనికి ఉమ్మడి జీతం. బీమా ఆ మనిషి చేతిపనికి కూడా వర్తించవలెను.

ఇక తలుపు. మోటారుతో పైకి లేచే తలుపు చూచుటకు ముచ్చటగా ఉంటుంది, ఖర్చూ అట్లే ఉంటుంది. నేను గీచిన పటంలో ఉన్నవి ప్రక్కకు జరిగే నాలుగు రెక్కలు, క్రింద చక్రాలు, పట్టాలలో నీరు నిలువకుండా కాలువ. అర్ధరాత్రి కబురు వచ్చి, తుపాను గాలికి కరెంటు పోయి ఉన్నా, ఇద్దరు మనుషులు భుజం పెట్టి నెడితే అది తెరచుకొంటుంది.