మాంట్‌గోమరీ నగరదర్శనము

గత వేసవిలో అట్లాంటా నగరమందున్న మా మరిది యింటికి మేము పోయియుంటిమి. చరిత్ర బోధించు మావారికి అలబామా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు మాంట్‌గోమరీని చూడవలెనని చిరకాలవాంఛ. ఒకనాటి యుదయమున కారులో బయలుదేరి, మధ్యాహ్నమునకు ముందే యచ్చటికి చేరితిమి.

ఆ యూర ముఖ్యముగ చూడదగినది డెక్స్‌టర్ వీథి. దాని కొక కొనను కోర్టు చౌకు, రెండవ కొనను శాసనసభా సౌధము నున్నవి. ఇప్పుడు జలయంత్రము చిమ్ముచున్న యా చౌకులో ఒకప్పుడు నల్లజాతివారిని పశువులవలె వేలమువేసి యమ్ముచుండిరి. బానిసత్వమును నిలుపుకొనుటకై వేరుపడిన దక్షిణ రాష్ట్రములకు అధ్యక్షుడుగ జెఫర్సన్ డేవిస్ ప్రమాణము చేసినది ఆ సౌధము చెంతనే. అది 1861 ఫిబ్రవరి 18వ తేది. పిదప ఘోరయుద్ధము జరిగి, 1865లో బానిసత్వము రద్దయ్యెను. తొంబదేండ్లు గడచినను, బస్సులో ముందు వరుసలు తెల్లవారికి, వెనుకవి నల్లవారికి నను కట్టుబాటు ఆ యూర నడచుచునే యుండెను.

1955 డిసెంబరు 1వ తేది సాయంకాలమున ఈ చౌకులోనే రోసా పార్క్స్ అను కుట్టుపని చేయు నామె బస్సెక్కెను. తెల్లవానికై లేవుమని డ్రైవరు గద్దించెను. ఆమె లేవలేదు, పోలీసులు పట్టుకొనిరి. అంతకు తొమ్మిది నెలల ముందే, పదునైదేండ్ల బాలిక క్లాడెట్ కాల్విన్ కూడ నట్లే లేవక నిర్బంధింపబడెను. రోసాను పట్టుకొన్న రాత్రి జో ఆన్ రాబిన్‌సన్ అను కళాశాలోపాధ్యాయిని నిద్రమాని వేలకొలది కరపత్రములను సిద్ధపరచెను. డిసెంబరు 5 మొదలు 381 దినములు నల్లవారు బస్సెక్కుట మానిరి.

మార్టిన్ లూథర్ కింగుగారి పేరు మనమెల్లరము విన్నదే. ఆయన బోధించిన యెఱ్ఱయిటుకల ప్రార్థనామందిరము ఈ వీథిలోనే యున్నది. కాని నాడు కాళ్లరుగునట్లు నడచినవారిలో పెక్కుమంది తెల్లవారి యిండ్లలో వండి, అంట్లు తోమి, బిడ్డలను సాకిన స్త్రీలని మాకంతకు ముందు తెలియదు. జార్జియా గిల్మోర్ అను వంటలక్క న్యాయస్థానమున సాక్ష్యమిచ్చిన పిదప కొలువు గోల్పోయెను. అయినను తోడి స్త్రీలతో వంటకములు చేసి యమ్మి, ఆ సొమ్మును ఉద్యమమునకు చేర్చెను. యజమానులకు తెలిసిన పొట్టకూటికి ముప్పగునని తమ కూటమికి 'ఎచ్చటిదియు గాని సంఘము' అని పేరిడిరి. బస్సులలోని భేదము చెల్లదని వాదించి గెలిచిన నలుగురును స్త్రీలే: ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీస్ స్మిత్, పైని చెప్పిన క్లాడెట్. 1956 నవంబరు 13న అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచెను.

చౌకులో 2019లో నిలిపిన రోసా పార్క్స్ విగ్రహమును చూచుచుండగా, నిండుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్న స్ఫురించెను. ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల కన్నీరు పెట్టుకొన్న మేమే, పనిమనిషి కొరకు పెరటిగోడపై వేరుగ నొక గ్లాసును బోర్లించి యుంచితిమి. పండ్రెండేండ్లలో ఒక్కనాడును మాకది తప్పని తోచలేదు.

ఊరు చేరిన మరునాడు దానిని తక్కిన గ్లాసులతో కలిపి, ఆమెను కాఫీకి వంటయింటిలోనికి పిలిచితిమి. ఆమె మా మొగము చూచుచు, చాలసేపు గడప కావలనే నిలిచెను.