పంపు ఆగింది, నీళ్ళు ఆగలేదు

చినగంజాం ఉప్పు కొఠార్లలో ఎండ చేసే పనే మా హాల్లోని అక్వేరియంలోనూ రోజూ జరుగుతుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. కొఠారు రైతుకు కావలసింది అదే. పగడాలు పెంచేవాడికి గండం కూడా అదే. సముద్రపు నీటిలో వెయ్యి పాళ్ళకు సుమారు 35 పాళ్ళు ఉప్పు ఉంటుంది. బయటి నీటిలో ఉప్పు మారినా లోపల నిలదొక్కుకునే శక్తి చేపకు కొంత ఉంది. పగడానికి, పగడాల మధ్య బతికే రొయ్యకు, నత్తకు అంత లేదు. అందుకే పగడాలు పెంచే రీఫ్ అక్వేరియంలో అన్నిటికన్నా ముందు కుదురుగా ఉంచాల్సింది ఆ 35నే.

నేను ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో. మా తొట్టె 75 గ్యాలన్లది, అంటే దాదాపు 284 లీటర్లు. కింద అలమరలో సంప్ ఉంది, అంటే పై తొట్టెలోంచి దిగిన నీరు చేరే రెండో తొట్టె. రాళ్ళూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేస్తే పైనా కిందా కలిపి నీరు 300 లీటర్లు. ఇక్కడ ఎండాకాలమంతా ఏసీ, చలికాలమంతా హీటర్. రెండింటితోనూ ఇంట్లో గాలి పొడిబారుతుంది. తొట్టెలోంచి రోజుకు నాలుగు లీటర్ల దాకా పోతాయి. ఒక్క రోజుకైతే 35 కాస్తా 35.5 అవుతుంది, దానివల్ల ఏమీ కాదు. వారం రోజులు అలాగే వదిలేస్తే 38 దాటుతుంది. అప్పటికి పగడాలు ముడుచుకుపోతాయి. పోయింది నీళ్ళే, ఉప్పు కాదు కాబట్టి మళ్ళీ పోయాల్సింది మంచినీళ్ళు. అవి కూడా ఆర్వో ఫిల్టరు, డీఐ రెజిన్ రెండూ దాటి, నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించేవి. మా కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరమిన్ కలుపుతారు, కనుక అవి నేరుగా పనికిరావు.

మొదట్లో నేను చేత్తోనే పోసేవాణ్ణి. ఆఫీసు పనిలో పడి రెండు మూడు రోజులు మరిచిపోవడం, గుర్తొచ్చాక ఒక్కసారిగా పది లీటర్లు గుమ్మరించడం. ఉప్పు పెరగడం ఒక దెబ్బ, చటుక్కున తగ్గడం ఇంకో దెబ్బ. నేను పెట్టుకున్న అక్రోపోరా పగడం ముక్కలు ఎందుకు రంగు వెలిసిపోతున్నాయో చాలాకాలం అర్థం కాలేదు. లైట్లు మార్చాను, మేత మార్చాను. ఉప్పు పాళ్ళు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో వరసగా కొన్నాళ్ళు ఉదయం, సాయంత్రం చూసి రాసుకున్నాకే అసలు సంగతి తెలిసింది. సెన్సర్ మట్టం చూస్తుంటే చిన్న పంపు తనంతట తానే మంచినీళ్ళు పోసే ఆటో టాప్-ఆఫ్ కొనాలనుకున్నది అప్పుడే.

ఇక్కడ సంప్ గురించి ఒక మాట చెప్పాలి. నీరు అంచు దాటి సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో ఉన్న తొట్టెలో నీరు ఎంత ఆవిరైనా పైన మట్టం తగ్గదు. సంప్‌లో కూడా మధ్య అరల్లో అడ్డుగోడలు మట్టాన్ని నిలబెడతాయి. మొత్తం తరుగుదల అంతా చివరి అరలో, నీటిని మళ్ళీ పైకి పంపే రిటర్న్ పంపు ఉన్నచోట మాత్రమే కనబడుతుంది. మా సంప్‌లో ఆ అర 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. అక్కడ ఒక సెంటీమీటరు తగ్గిందంటే ముప్పావు లీటరు పోయినట్టు. నేను మొదట సెన్సర్‌ను చేతికి అందుతుందని మలినాలు తీసే స్కిమ్మర్ ఉన్న అరలో బిగించాను. అక్కడ మట్టం మారదు కాబట్టి సెన్సర్‌కు ఏ లోటూ తెలియలేదు. పక్క అరలో రిటర్న్ పంపు గాలి పీలుస్తూ గరగరలాడింది. ఆ తప్పు ఒక్కరోజులోనే బయటపడింది, నష్టం జరగలేదు.

నష్టం చేసిన తప్పు వేరు. దాని మూలం కొనేటప్పటి నా ఆలోచనలోనే ఉంది. ఏ సెన్సర్ మట్టాన్ని ఎంత ఖచ్చితంగా పట్టుకుంటుందన్నదే నేను పోల్చుకుంటూ కూర్చున్నాను. ఫ్లోట్ స్విచ్ చవక, అర్థం కావడం తేలిక, కానీ ఉప్పు పేరుకుంటే బిగుసుకుపోతుంది. నత్త ఎక్కి కూర్చుంటే మట్టం తగ్గిందనో నిండిందనో తప్పు చెబుతుంది. ఆప్టికల్ సెన్సర్‌లో కదిలే భాగం లేదు, కానీ దాని గాజు మీద బుడగలు పట్టినా, నాచు పొర కట్టినా తడబడుతుంది. ఇవన్నీ చదివి, మంచి ఆప్టికల్ సెన్సర్ ఉన్న సెట్ ఒకటి తెచ్చాను. మిల్లీమీటరు కూడా తేడా రాకుండా పనిచేసింది. అది చెడితే ఏం జరుగుతుంది, చెడకపోయినా నీళ్ళు ఆగకుండా వచ్చే దారి ఏమన్నా ఉందా అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. పరికరం ఎంచుకునేటప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

మంచినీళ్ళకు అలమరలోనే 20 లీటర్ల పొట్టి డబ్బా ఉండేది. చిన్న పంపు దానిలో మునిగి ఉండేది. గొట్టం చివర సంప్ అంచుకు క్లిప్పుతో బిగించి ఉండేది. అలా నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతికి విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. మూడు వారాలు ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రాలు వచ్చి చేపలకు మేత వేయడానికి ఆఫీసు మిత్రుడు ఒకతను ఒప్పుకున్నాడు, నీళ్ళు మోసే పని కూడా అతని మీద పెట్టడం మొహమాటంగా అనిపించింది. అందుకని 75 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి అలమర పక్కన నిలబెట్టాను. నిండా నీళ్ళు పట్టాను. పంపును డబ్బాలోంచి డ్రమ్ములోకి మార్చాను. సంప్‌లో సెన్సర్ చూసే మట్టం గీతకు కాస్త పైదాకా చేత్తో కూడా పోసి, మట్టం సరిపోయిందని చెప్పే పచ్చ లైటు వెలగడం చూసి ఎయిర్‌పోర్టుకు బయల్దేరాను.

మట్టం గీతకు పైనే ఉంది కాబట్టి ఆ పంపు నా కళ్ళ ముందు ఒక్కసారి కూడా తిరగలేదు.

శంషాబాద్‌లో దిగి సామాను కోసం నిలబడి ఉండగా ఫోను వచ్చింది. ప్లేనోలో అప్పుడు రాత్రి ఎనిమిది. “అన్నా, హాల్లో కార్పెట్ అంతా తడిసిపోయింది. పంపు మాత్రం తిరగట్లేదు, పచ్చ లైటే ఉంది.” ప్లగ్ తీసెయ్యమన్నాను. “తీసేశాను. గొట్టంలోంచి ఇంకా పడుతూనే ఉంది.”

అప్పుడు తట్టింది. గొట్టం పైకి లాగెయ్యమన్నాను. లాగగానే ఆగిపోయింది.

డ్రమ్ములో నీరు నేల నుంచి దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. గొట్టం చివర సంప్ అంచున 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. పంపు మొదటిసారి తిరిగి గొట్టం నిండింది, సెన్సర్ చెప్పగానే బుద్ధిగా ఆగింది. గొట్టం నిండాక ఇక పంపు అవసరం లేదు. పై మట్టంలోని నీరు కింది చివరకు సైఫన్‌లా తనంతట తానే దిగుతుంది, రెండు మట్టాలూ ఒకటయ్యేదాకా దిగుతూనే ఉంటుంది. పాత డబ్బా పొట్టిది. దానిలో నీరు ఎన్నడూ గొట్టం చివర కన్నా పైకి రాలేదు కాబట్టే ఇన్నాళ్ళూ క్షేమంగా ఉన్నాను. ఆ సంగతి తెలిసి అలా పెట్టుకున్నది కాదు. డ్రమ్ము వ్యాసం 40 సెంటీమీటర్లు. గొట్టం లాగేసరికి దాదాపు 40 సెంటీమీటర్ల మట్టం దిగింది, అంటే 50 లీటర్లు. అందులో ముప్పై సంప్‌లోని ఖాళీలో పట్టాయి, మిగిలినవి తొట్టె ఉప్పునీటితో కలిసి నేల మీదికి పొర్లాయి. 35 ఉండాల్సింది 30కి పడిపోయింది.

సెన్సర్ సరిగ్గా పనిచేసింది. పంపును నడిపే కంట్రోలర్ సరిగ్గా పనిచేసింది. పైన రెండో సెన్సర్ ఉన్నా, పంపుకు టైమర్ ఉన్నా ఆ నీటిని ఆపలేకపోయేవి, ఎందుకంటే అవి ఆపేది కరెంటును. ఇది ఎంత ఖరీదైన సెట్ కొన్నా మారని విషయం.

ఆ తర్వాత చేసిన పని ఒకటి మాత్రం సరైనది, అది చెబుతాను. మిత్రుడు ఉప్పు నేరుగా కలిపేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. వీడియో కాల్‌లో చూపిస్తూ పాత 20 లీటర్ల డబ్బాను మళ్ళీ అలమరలో పెట్టించి, ఈసారి దానిలో మంచినీళ్ళకు బదులు 35 ఉప్పున్న నీళ్ళు కలిపించాను. రోజూ ఆవిరయ్యే నాలుగు లీటర్ల చోటును ఉప్పునీళ్ళు భర్తీ చేస్తుంటే లవణీయత రోజుకు అరపాలు చొప్పున నెమ్మదిగా పైకి వస్తుంది. పదిరోజులకు పైగా పట్టింది. అంత ఓపిగ్గా అతను రోజూ రిఫ్రాక్టోమీటరు చూసి ఫోటో పంపాడు. మొహమాటపడి ఎవరికి పని తప్పించానో అతనికే పదింతల పని పెట్టాను. క్లౌన్ చేపలు బతికాయి. లెదర్ పగడం వారాల తరబడి ముడుచుకుని, తర్వాత విచ్చుకుంది. రొయ్య చచ్చిపోయింది, నత్తలు చాలావరకు పోయాయి, అక్రోపోరా మాంసం ఊడి తెల్ల అస్థిపంజరం మిగిలింది. అది ఎంతో కాలం నా చేతిలో పెరిగిన కొమ్మ. దాన్ని అంత ప్రమాదంలో పెట్టి వెళ్ళినవాణ్ణి నేనే.

ఇప్పుడు మా ఇంట్లో ఎలా ఉందో చెబుతాను. డబ్బా 20 లీటర్లదే, నేల మీదే. గొట్టం చివర డబ్బా మూత కన్నా ఎత్తులో, నీటికి తగలకుండా గాలిలో ఉంటుంది. నీటిలో మునిగి ఉంటే పంపు ఆగాక సంప్ ఉప్పునీళ్ళు వెనక్కి డబ్బాలోకి పోతాయి, అదీ సైఫనే. గొట్టం పై వంపులో డబ్బా వైపున చిన్న రంధ్రం పెట్టాను. పంపు ఆగగానే అందులోంచి గాలి లోపలికి పోయి నీటి వరుస తెగుతుంది. రంధ్రం పూడుకుపోవచ్చు కనుక దాన్ని మాత్రమే నమ్మను, అసలు రక్షణ ఎత్తే. ఎత్తు కుదరని ఇళ్ళలో పెరిస్టాల్టిక్ పంపు మంచిది. దాని రోలర్లు గొట్టాన్ని ఎప్పుడూ నొక్కి ఉంచుతాయి, సైఫన్‌కు దారి ఉండదు. మెల్లగా పోస్తుంది, అదీ మేలే.

డబ్బా సైజు కూడా లెక్క వేసే పెట్టాను. ఏదైనా తప్పి 20 లీటర్లూ ఒకేసారి పడినా 35 నుంచి 33కు దగ్గరగా ఆగుతుంది. సంప్‌లో ఖాళీ 30 లీటర్లు కాబట్టి నేల తడవదు. మీ తొట్టెకు మీ అంకెలు వేరు, లెక్క మాత్రం ఇదే. ఆర్వో యూనిట్‌ను నేరుగా ఫ్లోట్ వాల్వుకు తగిలించేవాళ్ళను చూశాను. నీళ్ళు మోసే పని తప్పుతుంది, నిజమే. వాల్వు ఇరుక్కుంటే వచ్చే నీటికి అంతు ఉండదు. పైగా ఆర్వో కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంటే, మొదలైన ప్రతిసారీ టీడీఎస్ ఎక్కువున్న నీళ్ళు వస్తాయి, డీఐ రెజిన్ త్వరగా అయిపోతుంది. నేను ఒప్పుకోను.

సెన్సర్ల విషయంలో ఇప్పుడు చూసేది ఒక్కటే: రెండోది ఉందా, అది మొదటిదానికన్నా వేరే జాతిదా. టున్జె వాళ్ళ ఆస్మోలేటర్‌లో మామూలు మట్టానికి ఆప్టికల్ సెన్సర్, దాని పైన ప్రమాద మట్టానికి ఫ్లోట్ స్విచ్ ఉంటాయి. పంపు ఆగకుండా పది నిమిషాలు తిరిగితే తనే ఆపి మోగుతుంది. బుడగలకు ఒకటి మోసపోయినా రెండోది మోసపోదు. ఏ సెట్ కొన్నా ఈ అమరిక ఉండాలి. నెలకోసారి సెన్సర్‌ను వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి తుడుస్తాను, నత్తలు ఎక్కకుండా ప్లాస్టిక్ జాలీ చుట్టాను.

కాల్షియం కోసం చాలామంది టాప్-ఆఫ్ నీళ్ళలో సున్నం కలిపి, సున్నపు తేటను అందులోంచే పోయిస్తారు. కల్క్‌వాసర్ అంటారు. మంచి పద్ధతే. కానీ దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ ప్రయాణానికి ముందు నేను కూడా డ్రమ్ములో సున్నం కలపాలనుకుని, టైము లేక మానేశాను. ఆ 50 లీటర్లు సున్నపు తేట అయివుంటే క్లౌన్ చేపలు కూడా మిగిలేవి కావు. ఏడాదిపాటు మంచినీళ్ళతో మీ పరికరం తప్పు లేకుండా నడిచాక మాత్రమే సున్నం గురించి ఆలోచించండి.

హైదరాబాద్, విశాఖల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు. మన దేశంలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సముద్రంలోంచి తీయడం, కొనడం నేరం. ఆ పని చేయకండి. చేపలు మాత్రమే ఉన్న ఉప్పునీటి తొట్టెకు కూడా టాప్-ఆఫ్ అవసరమే, అక్కడి ఎండలకు ఇంకా అవసరం. ఏసీ నుంచి కారే నీళ్ళు స్వచ్ఛమైనవే కదా అని పోయకండి. అవి రాగి గొట్టాల మీదుగా కారేవి కావచ్చు, రాగి రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది. తాగే నీళ్ళ ఆర్వో మెషిన్లలో చాలావాటికి మినరల్స్ కలిపే ఏర్పాటు ఉంటుంది. టీడీఎస్ మీటరుతో చూసి గానీ వాడకండి.

ఊరెళ్ళే వారంలో కొత్త డబ్బా, కొత్త గొట్టం, కొత్త పంపు ఏదీ పెట్టకండి. ఏది మార్చినా సంప్‌లోంచి ఒక చెంబెడు నీళ్ళు తీసి, పంపు మీ ఎదురుగా తిరిగేలా చేయండి. అది ఆగాక పది నిమిషాలు అక్కడే కూర్చుని గొట్టం చివర చూడండి. ఒక్క చుక్క రాలుతున్నా ప్లగ్ తీసి, డబ్బాను కిందికి దించండి.